స్లాబ్ అంచు దగ్గర యాంకర్ బోల్టుల డిజైన్: అడుగడుగునా లెక్కతో

స్లాబ్ నడిమధ్యలో బిగించిన యాంకర్ బోల్టుకు నాలుగు వైపులా కాంక్రీట్ అండ ఉంటుంది. అదే బోల్టును అంచుకు 80 మిల్లీమీటర్ల దూరానికి జరిపితే ఆ అండలో ఒక వైపు పోతుంది. బాల్కనీ రైలింగ్ కాళ్లు, గాజు గోడల బ్రాకెట్లు, మెట్ల చట్రాలు అన్నీ అంచు దగ్గరే కూర్చోవాలంటాయి కాబట్టి ఈ సమస్యను తప్పించుకోలేం. అక్కడ బోల్టు తెగడం అరుదు. దాని చుట్టూ ఉన్న కాంక్రీటే పెచ్చుగా ఊడి వస్తుంది. ఉక్కు సాగినట్టు కాంక్రీట్ సాగదు, ముందుగా హెచ్చరించదు.

లెక్క సరిపోలేదని తెలియగానే చాలామంది బోల్టు లావు పెంచుతారు, అదీ చాలకపోతే లోతు పెంచుతారు. అంచు దగ్గర ఈ రెండూ అతి తక్కువ ఫలితమిచ్చే మార్గాలు. ఎందుకో ఒక ఉదాహరణను చివరిదాకా లెక్కవేసి చూద్దాం.

ఇక్కడ వాడే పద్ధతి ఫుక్స్, ఎలిగెహౌసెన్, బ్రీన్ 1995లో ప్రచురించిన కాంక్రీట్ సామర్థ్య పద్ధతి. అమెరికా కాంక్రీట్ సంస్థ (ఏసీఐ) 318 ప్రమాణంలోని 17వ అధ్యాయం, ఐరోపా ప్రమాణం ఈఎన్ 1992-4 రెండూ దీనిపైనే నిలిచాయి. గుణకాలు మాత్రం వేరు. నేను ఏసీఐ అంకెలు వాడుతున్నాను. భార గుణకాలు (భద్రత కోసం భారాన్ని పెంచేవి) ఒక ప్రమాణం నుంచి, బలం తగ్గింపు గుణకాలు మరొక ప్రమాణం నుంచి తీసుకుంటే వచ్చే జవాబుకు అర్థం లేదు. ఏదో ఒకదానికే కట్టుబడండి.

మొదటి అడుగు: అంచు ఎక్కడుందో తేల్చుకోవడం

నవ్వులాటగా అనిపించినా ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. అంచు దూరం అంటే బోల్టు మధ్య గీత నుంచి నిర్మాణ కాంక్రీట్ చివరి వరకు ఉన్న దూరం. టైల్స్, ప్లాస్టరింగ్, గచ్చు లెవెలింగ్ పొర ఇందులోకి రావు. అంచు కింద నీటి బొట్టు గాడి ఉన్నా, మూల చెక్కి ఉన్నా అక్కడి కాంక్రీట్ అంతమేర లేనట్టే. లోతు విషయంలోనూ ఇదే నియమం: 40 మి.మీ. లెవెలింగ్ పొర మీద నుంచి 70 మి.మీ. దిగిన యాంకర్‌కు దక్కే అసలు లోతు 30 మి.మీ. మాత్రమే.

తరువాత కాంక్రీట్ బలం. ఏసీఐ సూత్రాల్లో ఉండేది స్తూపాకార నమూనా బలం. గ్రేడును ఘనాకార నమూనాతో చెప్పేచోట ఎం25 అంటే స్తూపాకార బలం సుమారు 20 మెగాపాస్కల్ మాత్రమే. ఐరోపా ప్రమాణం సీ20/25 అని రెండు అంకెలూ రాసేది ఇందుకే. 25ను నేరుగా సూత్రంలో పెడితే సామర్థ్యం సుమారు 12 శాతం ఎక్కువగా కనిపిస్తుంది.

మూడోది, కాంక్రీట్‌లో పగుళ్లు ఉన్నాయనుకోవాలా లేదా అన్నది. బయటికి చాచిన బాల్కనీ స్లాబ్‌లో పైముఖం లాగుడులో ఉంటుంది, మన బోల్టులు దిగేది కూడా అదే ముఖంలోకి. కాబట్టి పగుళ్లు ఉన్నట్టే లెక్కవేయాలి. పగుళ్లు లేని కాంక్రీట్‌కు, తరువాత బిగించే యాంకర్ల విషయంలో, 1.4 రెట్ల వెసులుబాటు దొరుకుతుంది. పగుళ్లు రావని నిరూపించే లెక్క చేతిలో లేకుండా దాన్ని తీసుకోవద్దు.

రెండో అడుగు: బలం ఏ ఏ దిశల్లో వస్తుందో రాసుకోవడం

మన ఉదాహరణ ఒక రైలింగ్ కాలు. స్లాబ్ మందం 150 మి.మీ., కాంక్రీట్ స్తూపాకార బలం 25 మెగాపాస్కల్. బేస్ ప్లేట్‌కు నాలుగు 12 మి.మీ. ఎక్స్‌పాన్షన్ యాంకర్లు (బిగించినప్పుడు రంధ్రంలో వ్యాకోచించి పట్టుకునేవి), ప్రభావ లోతు, అంటే నిర్మాణ కాంక్రీట్‌లో పట్టు పనిచేసే లోతు, 70 మి.మీ. బయటి వరుస అంచుకు 80 మి.మీ. దూరంలో, లోపలి వరుస దానికి ఇంకో 100 మి.మీ. లోపల ఉంది. అంచు వెంట బోల్టుల ఎడం 120 మి.మీ. భార గుణకాలు కలిపాక అడ్డంగా వచ్చే బలం 2 కిలోన్యూటన్లు, అది ప్లేట్‌కు 1.1 మీటర్ల ఎత్తులో పనిచేస్తుంది.

మొమెంట్, అంటే ప్లేట్‌ను తిప్పే ప్రభావం, 2 × 1.1 = 2.2 కిలోన్యూటన్ మీటర్లు. బోల్టులు ప్లేట్ అంచుల నుంచి 30 మి.మీ. లోపల ఉన్నాయి. ఎదుటి వైపు కాంక్రీట్ మీద నొక్కుడు ప్లేట్ అంచు కంటే 15 మి.మీ. లోపల కేంద్రీకృతమవుతుందనుకుంటే మీట పొడవు, అంటే లాగుడుకూ నొక్కుడుకూ మధ్య దూరం, 100 + 30 − 15 = 115 మి.మీ. అప్పుడు ఒక వరుసలోని రెండు బోల్టుల మీద పడే లాగుడు 2.2 ÷ 0.115, అంటే 19.1 కిలోన్యూటన్లు. ప్లేట్ పలుచగా ఉండి వంగితే ఈ లాగుడు ఇంకా పెరుగుతుంది కాబట్టి ప్లేట్ మందాన్ని విడిగా పరీక్షించాలి.

మనిషి రైలింగ్ మీద బయటికి వాలితే లాగుడు లోపలి వరుస మీద పడుతుంది. ఆ వరుస అంచుకు 180 మి.మీ. దూరంలో సురక్షితంగా ఉంది. చాలా లెక్కలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ రైలింగ్‌కు బలం ఏ దిశలోనైనా రావచ్చు. లోపలికి నెట్టినప్పుడు లాగుడు బయటి వరుస మీదికి, అంటే అంచుకు 80 మి.మీ. దూరంలోని బోల్టుల మీదికి వస్తుంది. రెండూ లెక్కవేయాల్సిందే.

మూడో అడుగు: లాగుడులో కాంక్రీట్ శంకువు

లాగినప్పుడు బోల్టు తనతోపాటు ఒక శంకువు ఆకారపు కాంక్రీట్ ముద్దను ఊడబెరుకుతుంది. దాని పక్కలు ముఖంతో సుమారు 35 డిగ్రీల కోణం చేస్తాయి కాబట్టి, పైముఖం మీద అది బోల్టు నుంచి లోతుకు ఒకటిన్నర రెట్లు విస్తరిస్తుంది. 70 మి.మీ. లోతుకు ఇది 105 మి.మీ. అంచు అంతకంటే దూరంగా ఉంటే శంకువు పూర్తిగా దొరుకుతుంది. దగ్గరగా ఉంటే తెగిన మేర బలం పోతుంది.

ఒంటరి బోల్టు ప్రాథమిక సామర్థ్యానికి సూత్రం: 7 × √(కాంక్రీట్ బలం) × లోతు^1.5. ఇందులో 7 తరువాత బిగించే యాంకర్లకు పగుళ్లున్న కాంక్రీట్‌లో వాడే అంకె. పోతలోనే అమర్చిన బోల్టులకు అది 10. మన లెక్కకు 7 × 5 × 585.7 = సుమారు 20,500 న్యూటన్లు, అంటే 20.5 కిలోన్యూటన్లు.

బయటికి వాలిన సందర్భం. రెండు బోల్టుల శంకువులు కలిసి ఆక్రమించే వైశాల్యం: వెడల్పు 105 + 120 + 105 = 330, రెండో దిశలో 210. ఒంటరి బోల్టు పూర్తి వైశాల్యం 9 × 70², అంటే 44,100 చదరపు మి.మీ. నిష్పత్తి 1.57. సామర్థ్యం 32.2 కిలోన్యూటన్లు. అదనపు కడ్డీల ఆసరా లేని, అర్హత పరీక్షల్లో మొదటి శ్రేణి పొందిన యాంకర్‌కు తగ్గింపు గుణకం 0.65, కాబట్టి డిజైన్ సామర్థ్యం 20.9. అవసరం 19.1. సరిపోయింది.

లోపలికి నెట్టిన సందర్భం. ఇప్పుడు అంచు వైపు 105 బదులు 80 మాత్రమే దొరుకుతుంది. వైశాల్యం 330 × 185, నిష్పత్తి 1.38. దీనికి తోడు అంచు దగ్గర బలాలు సమంగా పరుచుకోవు కాబట్టి మరో తగ్గింపు ఉంది: 0.7 + 0.3 × (80 ÷ 105) = 0.93. చివరికి 26.4 × 0.65 = 17.1 కిలోన్యూటన్లు. అవసరం 19.1. చాలలేదు.

శంకువులో కేవలం 25 మి.మీ. లోటు వల్ల సామర్థ్యంలో 18 శాతం పోయింది.

నాలుగో అడుగు: చాలనప్పుడు ఏది మార్చాలి

బోల్టును 12 నుంచి 16 మి.మీ.కు పెంచితే? పై సూత్రంలో వ్యాసం అనేదే లేదు. శంకువు బలం ఒక్క న్యూటన్ కూడా పెరగదు. పైగా లావైన బోల్టుకు కనీస అంచు దూరం ఇంకా ఎక్కువ కావాలి.

లోతును 70 నుంచి 85కు పెంచితే? శంకువు విస్తీర్ణం 127.5 మి.మీ.కు పెరుగుతుంది, కానీ అంచు 80 దగ్గరే ఆగింది. పెద్ద శంకువులో పెద్ద భాగమే తెగిపోతుంది. వైశాల్య నిష్పత్తి 1.20కి, అంచు గుణకం 0.89కి పడిపోతాయి. లోతు 21 శాతం పెరిగితే డిజైన్ సామర్థ్యం సుమారు 11 శాతమే పెరిగి 18.95 దగ్గర ఆగుతుంది. ఇంకా చాలదు. మరింత లోతుకు వెళ్దామంటే ఎక్స్‌పాన్షన్ యాంకర్లకు స్లాబ్ మందంలో మూడింట రెండు వంతులు, లేదా మందంలోంచి 100 మి.మీ. తీసివేయగా మిగిలినది, ఈ రెంటిలో పెద్దదే హద్దు. 150 మి.మీ. స్లాబ్‌లో అది 100 మి.మీ.

ప్లేట్‌ను 30 మి.మీ. లోపలికి జరిపితే? అంచు దూరం 110 అవుతుంది, శంకువు పూర్తిగా దొరుకుతుంది, సామర్థ్యం 20.9. రూపాయి ఖర్చు లేకుండా 22 శాతం లాభం.

లోపలికి జరపడానికి వీల్లేదంటే, ప్లేట్‌ను అంచు వెంట వెడల్పు చేయండి. బోల్టుల ఎడాన్ని 120 నుంచి 180కి పెంచితే రెండు శంకువులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం తగ్గి, సామర్థ్యం 20.2కు చేరుతుంది. లేదా బయటి వరుసను కదపకుండా లోపలి వరుసనే 30 మి.మీ. వెనక్కి నెట్టి ప్లేట్‌ను పొడవు చేయండి. మీట పొడవు 145 అవుతుంది, లాగుడే 15.2కు దిగుతుంది. నాకు ఎక్కువ నచ్చేది ఈ చివరి దారి. ఇక్కడ కాంక్రీట్‌ను ఎక్కువ మోయమని అడగడం లేదు, దాని మీద పడే భారాన్నే తగ్గిస్తున్నాం.

ఇప్పుడు మొదటి అడుగులోని ఘనం, స్తూపం తేడాకు మళ్లీ వద్దాం. ఇదే స్లాబ్ ఎం25 గ్రేడు అయితే 110 మి.మీ. అంచు దూరంతో వచ్చిన 20.9 కాస్తా 18.7కు పడిపోతుంది. సరిపోయిందనుకున్న డిజైన్ సరిపోదు. అక్కడ అంచు దూరం 115, లోతు 75 చేస్తే 20.3 వస్తుంది. అంచును సరిచేసిన తరువాత పెంచిన లోతు ఎలా ఫలిస్తుందో గమనించండి.

ఐదో అడుగు: అంచు వైపు కోత

బోల్టును అంచు వైపు అడ్డంగా నెడితే అంచు నుంచి సగం శంకువు లాంటి పెచ్చు ఊడుతుంది. ఇక్కడ కొలబద్ద లోతు కాదు, అంచు దూరమే. పెచ్చు అంచు వెంట రెండు పక్కలా అంచు దూరానికి ఒకటిన్నర రెట్లు, కిందికి కూడా అంతే విస్తరిస్తుంది.

ఒంటరి బోల్టుకు సూత్రం: 0.6 × (లోతు ÷ వ్యాసం)^0.2 × √వ్యాసం × √(కాంక్రీట్ బలం) × అంచు దూరం^1.5. దీనికి 3.7 × √(కాంక్రీట్ బలం) × అంచు దూరం^1.5 అనే పైహద్దు కూడా ఉంది. మొదటి పదంలోని లోతును వ్యాసానికి 8 రెట్లు మించి తీసుకోకూడదు. మన 80 మి.మీ. దూరానికి 10.6 కిలోన్యూటన్లు వస్తుంది, పైహద్దు 13.2. రెండు బోల్టుల బయటి వరుసకు వైశాల్య నిష్పత్తి (360 × 120) ÷ (4.5 × 80²) = 1.5. సామర్థ్యం 15.9, గుణకం 0.70తో 11.1. మొత్తం కోతను బయటి వరుసే మోస్తుందనుకున్నా అవసరం 2 కిలోన్యూటన్లే. సామర్థ్యంలో వాడకం 18 శాతం. లాగుడు, కోత రెండింటి వాడకమూ 20 శాతం దాటినప్పుడే వాటిని కూడి, మొత్తం 1.2 మించకుండా చూడాలి. ఇక్కడ ఆ అవసరం రాలేదు. రైలింగ్ కాళ్లను పడగొట్టేది సాధారణంగా మొమెంట్ తెచ్చే లాగుడే, కోత కాదు.

కోత పెద్దదైన చోట మాత్రం కొన్ని సంగతులు పట్టించుకోవాలి. ఇక్కడా బోల్టు లావు పెద్దగా సాయపడదు: 12 నుంచి 16కు వెళ్తే 9 శాతమే పెరుగుతుంది. స్లాబ్ మందం అంచు దూరానికి ఒకటిన్నర రెట్ల కంటే తక్కువైతే పెచ్చు కిందిముఖం దాకా చేరి తెగుతుంది. అప్పుడు వైశాల్యంలో అసలు మందాన్నే వాడి, బదులుగా √(1.5 × అంచు దూరం ÷ మందం) అనే పెంపు గుణకంతో హెచ్చించాలి. బలం అంచుకు సమాంతరంగా ఉంటే సామర్థ్యాన్ని రెట్టింపు తీసుకోవచ్చు. అయితే మూల దగ్గర అదే బలం రెండో అంచుకు లంబంగా మారుతుంది కాబట్టి రెండు అంచులకూ విడివిడిగా లెక్కవేసి తక్కువదాన్ని ఎంచుకోవాలి.

ఒక ఉపాయం: బయటి వరుస రంధ్రాలను కోత దిశలో పొడవైన గాడులుగా కోయిస్తే ఆ బోల్టులు లాగుడును మాత్రమే మోస్తాయి, కోత అంతా దూరంగా ఉన్న లోపలి వరుసకు చేరుతుంది. ప్లేట్ తయారీ నక్షాలో ఇది ఒక్క గీత తేడా.

ఆరో అడుగు: మిగిలిన వైఫల్యాలు

ఉక్కు తెగడం, బోల్టు జారి బయటికి రావడం, వెనుక వైపు పెకలించుకు రావడం కూడా చూడాలి, కానీ ఇలాంటి ప్లేట్లలో ఇవి అరుదుగా అడ్డొస్తాయి. పక్క ముఖం ఉబ్బి ఊడిపోయే వైఫల్యాన్ని తలకట్టు బోల్టులకు, లోతు అంచు దూరానికి రెండున్నర రెట్లు దాటినప్పుడు మాత్రమే పరీక్షిస్తారు. రెసిన్‌తో అతికించే యాంకర్లకు అతుకు బలాన్ని అదనంగా లెక్కించాలి. వాటి మీద నిలకడగా ఉండే లాగుడు అతుకు డిజైన్ బలంలో 55 శాతం దాటకూడదు.

అంచు చీలడం మాత్రం వేరే కథ. ఎక్స్‌పాన్షన్ యాంకర్‌ను బిగిస్తున్నప్పుడే అది కాంక్రీట్‌ను పక్కలకు తోస్తుంది, భారం పడకముందే అంచు చీలవచ్చు. అందుకే కనీస అంచు దూరాలు ఉన్నాయి. ఉత్పత్తి పరీక్షా నివేదిక లేనప్పుడు టార్క్‌తో బిగించే ఎక్స్‌పాన్షన్ యాంకర్‌కు అది వ్యాసానికి 8 రెట్లు, రెసిన్ యాంకర్‌కు, స్క్రూ యాంకర్‌కు 6 రెట్లు. మన 12 మి.మీ. ఎక్స్‌పాన్షన్ యాంకర్‌కు 96 మి.మీ. అంటే మొదట అనుకున్న 80 మి.మీ. దూరం, దానికి అనుమతి ఉన్న నివేదిక చూపిస్తే తప్ప, లెక్కకు ముందే చెల్లదు. నివేదిక చదివేటప్పుడు ఆ కనీస దూరం ఏ స్లాబ్ మందానికి చెప్పారో కూడా చూడండి, ఆ రెండూ జంటగానే వస్తాయి. భూకంప భారాలు ఉంటే యాంకర్‌కు ఆ అర్హత విడిగా ఉండాలి, లాగుడులో కాంక్రీట్ సామర్థ్యాన్ని మరో 0.75తో తగ్గించాలి.

స్లాబ్ పక్క ముఖానికి బిగిస్తే

బ్రాకెట్‌ను స్లాబ్ పైన కాకుండా మందం కనిపించే పక్క ముఖానికి బిగించే పద్ధతి ఉంది. చూపుకు ముచ్చటగా ఉంటుంది. లెక్కకు మాత్రం ఇదే అన్నిటికంటే కష్టమైన స్థితి. 150 మి.మీ. స్లాబ్‌లో బోల్టును సరిగ్గా మధ్యలో పెట్టినా పైఅంచుకు 75, కింది అంచుకు 75 మాత్రమే. 70 మి.మీ. లోతు బోల్టు శంకువు రెండు వైపులా తెగుతుంది. గాజు గోడ బరువు కోతగా కింది అంచు వైపు పనిచేస్తుంది, గాలి లాగుడు బయటికి పీకుతుంది, రెండూ ఒకేసారి వస్తాయి. ఇక్కడ రెండింటి వాడకాన్ని కూడి చూసే లెక్క తప్పదు. ప్లేట్‌లో బోల్టులను పైకీ కిందికీ రెండు వరుసలుగా పెట్టాలన్న కోరిక సహజం, కానీ అలా చేస్తే ప్రతి వరుసా ఒక అంచుకు మరింత దగ్గరవుతుంది. వీలైతే అంచు వెంట అడ్డంగా పరచండి, లేదా అక్కడ అంచు దూలం అడగండి.

కొత్త స్లాబ్ అయితే కడ్డీల సాయం

పోత ఇంకా పడకపోతే చేతిలో మరో ఆయుధం ఉన్నట్టే. అంచు వెంట 13 మి.మీ. లేదా అంతకంటే లావు కడ్డీ ఉంటే పగుళ్లున్న కాంక్రీట్‌లో కోత సామర్థ్యాన్ని 1.2 రెట్లు, ఆ కడ్డీని 100 మి.మీ. మించని ఎడంతో స్టిరప్పులు చుట్టి ఉంటే 1.4 రెట్లు తీసుకోవచ్చు. ఇంకా ఎక్కువ కావాలంటే బోల్టును చుట్టి స్లాబ్ లోపలికి పోయే యూ ఆకారపు కడ్డీలు పెట్టి, కోత మొత్తాన్నీ వాటికే అప్పగించవచ్చు. అప్పుడు కాంక్రీట్ పెచ్చు సామర్థ్యం లెక్కలోకే రాదు. షరతు ఇది: ఊడే పెచ్చుకు రెండు వైపులా ఆ కడ్డీకి పూర్తి పట్టు పొడవు దొరకాలి. లేదా కడ్డీ బోల్టును తాకుతూ, వీలైనంత పైముఖానికి దగ్గరగా చుట్టుకుని, పెచ్చుకు అవతల పూర్తి పట్టు పొడవుతో సాగాలి. ఇప్పటికే ఉన్న స్లాబ్‌లో పాత నక్షా చూసి కడ్డీలు ఉన్నాయని ఊహించి ఈ లాభం తీసుకోకండి.

బోల్టు గుంపు నిలిచినంత మాత్రాన పని అయిపోలేదు. ఆ 2.2 కిలోన్యూటన్ మీటర్ల మొమెంట్ స్లాబ్‌లోకే వెళ్తుంది. బయటికి చాచిన పలుచని స్లాబ్ చివరి పట్టీ దాన్ని మోయగలదో లేదో విడిగా చూడాలి.

నక్షా మీద రాయవలసినవి

లెక్క ఎంత బాగున్నా పనిస్థలంలో డ్రిల్లింగ్ మిషన్ పట్టినవారికి ఆ లెక్క కనిపించదు. యాంకర్ రకం, వ్యాసం, ప్రభావ లోతు, నిర్మాణ కాంక్రీట్ అంచు నుంచి దూరం, బిగింపు టార్క్ ఈ ఐదూ నక్షా మీద ఉండాలి. తన్యత కేబుళ్లున్న (లోపల లాగి బిగించిన ఉక్కు తాళ్లున్న) స్లాబ్ అయితే ముందు స్కానింగ్ చేయకుండా అంచు దగ్గర రంధ్రం వేయకూడదు, కేబుల్ చివరి పట్టులు ఉండేది అక్కడే.

రంధ్రం వేస్తుండగా కడ్డీ అడ్డొస్తే ఏం చేయాలో కూడా ముందే రాయండి. రాయకపోతే మనిషి చేసే పని తెలిసిందే: రంధ్రాన్ని అటో ఇటో కాస్త జరుపుతాడు, చాలాసార్లు అంచు వైపే. ఒంటరి బోల్టు అంచు దూరం 80 నుంచి 60కి తగ్గితే కోత సామర్థ్యంలో 35 శాతం పోతుంది. కాబట్టి నక్షాలో అంచు దూరానికి అటూ ఇటూ సమానంగా సడలింపు ఇవ్వకండి. లోపలికి 15 మి.మీ. వరకు సరే, అంచు వైపు సున్నా అని రాయండి. వదిలేసిన రంధ్రాన్ని కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపాకే పక్క రంధ్రం మొదలుపెట్టాలని ఆ గమనిక కిందే చేర్చండి.